బరాత్ బండికి ఫిట్‌నెస్

రాజయ్య చెప్పులు విడిచి డ్రైవరు సీటు వెనక పక్కపక్కన పెట్టాడు. ఒట్టికాళ్లతో బండెక్కాడు. పద్నాలుగేళ్లుగా అదే అలవాటు. క్లచ్ పెడల్ మీది రబ్బరు ఎప్పుడో అరిగిపోయింది. ఇనుము నేరుగా అరికాలికి తగిలితే తప్ప ఆ బండి ఏమంటున్నదో ఆయనకు తెలియదు.

పొద్దున ఎనిమిది కొట్టింది. నాచారంలో బుచ్చిబాబు టెంట్ హౌస్ ముందు ఎర్రటి చిన్న కారు నిలబడి ఉంది. రెండే తలుపులు, రెండే సీట్లు. పైన రేకు కప్పు లేదు. నల్లటి గుడ్డ టాపు వెనక్కి మడిచి ఉంటుంది. చుట్టుపక్కల టెంట్ హౌస్‌ల వాళ్లు దాన్ని బరాత్ బండి అంటారు. పెళ్లయ్యాక కొత్త జంటను ఊరేగించడం తప్ప ఆ కారుకు వేరే పని లేదు మరి. పోయిన శుక్రవారం లాలాపేట్ పెళ్లిలో కట్టిన జరీ రిబ్బన్ ఇంకా తలుపు పిడికి వేలాడుతోంది.

బుచ్చిబాబు దుకాణం మెట్ల మీద నిలబడి పళ్లు తోముకుంటున్నాడు. భీమవరం నుంచి వచ్చి పాతికేళ్లయినా మాటలో ఆ యాస పోలేదు.

"రాజయ్యా, రేపటితో ఫిట్‌నెస్ గడువు అయిపోతుంది. ఇవాళ పాసవకపోతే బండి తుక్కుకే. బండి లేకపోతే నీకు నేనేం పని చెప్పను? చేయించాల్సింది చేయించాం. నువ్వు నోరు మెదపకు, అంతే."

"సరే సార్."

చేయించింది ఏమిటో ఇద్దరికీ తెలుసు. డ్రైవరు తలుపు కింద, బండి అడుగు నేల అంచు పొడవునా తుప్పు పట్టి, నడుమ జానెడు మేర బొక్కే పడింది. మంగళవారం షెడ్డుకు తోలి ఆ బొక్కలో పుట్టీ కూరి, పైన నల్లరంగు కొట్టించారు. చూస్తే కొత్త ఇనుములాగే ఉంది.

రాజయ్య మొదటి గేరు వేశాడు.

ఆయనకు యాభైతొమ్మిది. సన్నటి మనిషి, ఎడమ పిక్క మాత్రం కుడిదానికన్నా లావు. గంటలకొద్దీ క్లచ్ సగం తొక్కి పట్టుకున్న కాలు అది. బరాత్‌లో బండి మనిషి నడకకన్నా నెమ్మదిగా పోవాలి. ఆగకూడదు. ఆగితే అపశకునమని పిల్ల తరఫువాళ్లు ఒకటి, పిల్లాడి తరఫువాళ్లు ఇంకొకటి అంటారు. రాజయ్య చేతిలో ఆ బండి ఒక్క బరాత్‌లోనూ ఆగలేదు. ఒకసారి మౌలాలి చడావు ఎక్కుతుంటే ఇంజన్ ఉడికి ఆవిరి కక్కితే, బ్యాండ్ వాళ్ల చేత సోడా సీసాలు రేడియేటర్లో పోయించి మరీ నడిపించాడు.

అంత చేసినా పెళ్లికొడుకుల ముఖాలు ఆయనకు తెలియవు. సీట్లు రెండే కాబట్టి జంట వెనక, మడిచిన టాపు మీద ఎత్తుగా కూర్చుంటుంది. వాళ్ల పాదాలు ఎడమ సీటు మీద ఉంటాయి. చెవుల్లో దూది, ముందు చిందులేసే వీపులు, భుజం పక్కన నాలుగు పాదాలు. రాజయ్య చూసిన పెళ్లిళ్లన్నీ అంతే. ఒకసారి మరదళ్లు బూట్లు దాచేస్తే పెళ్లికొడుకు రాజయ్య చెప్పులు తొడుక్కొని ఊరేగాడు. ఆ కాళ్లు మాత్రం ఆయనకు బాగా గుర్తు.

ఇంటికి పోగానే భార్య ఉప్పలమ్మ అడిగే మాట ఒకటే.

"ఇయ్యాల ఎవలెక్కిన్రు?"

"పిల్లగానియి కొత్త బూట్లు. ముందట పత్తి కుక్కిండు. పిల్ల మెట్టెలు వదులుగున్నయి."

"అయితే జల్దీల జేసిన పెండ్లి," అనేది ఆమె, చూసొచ్చినట్టే.

టైర్ల కింద పెట్టగా మిగిలిన నిమ్మకాయలు ఆయన ఇంటికి తెచ్చేవాడు. పెళ్లిళ్ల కాలంలో ఆ ఇంట్లో ఏ కూర వండినా పక్కన నిమ్మకాయ తొక్కు ఉండాల్సిందే. కొత్తలో ఉప్పలమ్మ ఒక్కసారి అడిగింది, నన్నూ ఎక్కించమని. ఎక్కిస్తానన్నాడు. ఒకరోజు పూలు కట్టి ఉండేవి, పెళ్లికూతురికన్నా ముందు ఎవరూ కూర్చోకూడదు. ఇంకోరోజు సార్ ఉండేవాడు. ఆమె మళ్లీ అడగలేదు. ఆయన మరచిపోలేదు.

టెస్టింగ్ యార్డు నాచారం ఫ్యాక్టరీల నడుమ, రేకుల షెడ్డులో ఉంది. ముందు నాలుగు ఆటోలు, ఒక డీసీఎం వ్యాను. రాజయ్య వంతు వచ్చేసరికి పదిన్నర దాటింది. బండ్లు చూసేవాడు మోషే. నలభై దాటిన మనిషి, మోకాళ్లకు రబ్బరు తొడుగులు, జేబులో సుద్దముక్క, చేతిలో చిటికెన వేలంత పిడి ఉన్న సుత్తి. ఆ సుత్తితో ఇనుమును తట్టి, చప్పుడు వింటాడు. యంత్రాలు చెప్పేది కంప్యూటర్లోకి పోతుంది. సుత్తి చెప్పేది మోషే కాగితం మీద రాస్తాడు.

"ఏంది రాజన్నా, పెండ్లికొడుకును తోల్కొచ్చినవా?"

"ముసలి పెండ్లికొడుకే. సూడు జర."

లైట్లు వెలిగాయి. హారన్ మోగింది. పొగ హద్దులోనే ఉంది. బ్రేకు రోలర్ల మీద ముందటి ఎడమ చక్రం కొంచెం బద్ధకించింది కానీ గీత దాటలేదు. మోషే మీటర్ చూసి నవ్వాడు.

"పదిహేడేండ్ల బండి. నలభై ఒక్క వేలు తిరిగింది. గిదేం బండే, మూడో గేరు ఎట్లుంటదో దీనికి తెల్వనే తెల్వదు."

"అవసరం రాలే."

"ఇంజన్ మస్తుంది. ఇంకా పదేండ్లు ఏం గాదు."

రాజయ్య గుండె కొంచెం తేలికైంది. ఇంకా పదేళ్లు అక్కర్లేదు. రెండేళ్లు చాలు.

మోషే బండి కింది గోతిలోకి దిగాడు. టార్చి వెలుగు కింద నుంచి కదిలింది. టంగ్. టంగ్. సుత్తి ముందు నుంచి వెనక్కి వస్తోంది. కుడివైపు నడుముకు వచ్చేసరికి బయట డీసీఎం వాడు హారన్ మీద చెయ్యి తీయకుండా మోగించాడు. మోషే తల తిప్పి వాణ్ణి తిట్టాడు. సుత్తి జానెడు దూరం దాటి మళ్లీ పడింది. టంగ్.

ఆ జానెడు జాగాలోనే పుట్టీ ఉంది.

మోషే పైకొచ్చి, చేతులు తుడుచుకొని, కాగితం తీశాడు. గడులన్నీ వరసగా టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. ఆఖరి గడి మిగిలింది. బాడీ.

రాజయ్య ఆ పెన్ను మొన వైపు చూస్తున్నాడు. కళ్ల ముందు మాత్రం లాలాపేట్ కనబడుతోంది. పోయిన శుక్రవారం, ఫ్లైఓవర్ దిగగానే, పెళ్లికొడుకు దోస్తులు ముగ్గురు వెనక ఎగిరి ఎక్కారు. అడుగున టక్కుమంది. ఎవరూ ముట్టుకోకుండా కుడి తలుపు దానంతట అదే తెరుచుకుంది. రాజయ్య కుడి మోచేత్తో తలుపును లాగి పట్టుకొని, ఒంటిచేత్తో ఆఖరిదాకా తోలాడు. ఎవరికీ తెలియలేదు. పెళ్లికూతురి పాదాల్లో ఒకటి, పారాణి ఆరనిది, సీటు మీద తాళం వేస్తూనే ఉంది.

ఆదివారం మల్కాజిగిరిలో పెళ్లి.

"మోషే."

"ఊ."

"డోరు తెరిచి, నడుమ జాకీ పెట్టి లేపు. గప్పుడు డోరు వెయ్యి."

పెన్ను ఆగింది. మోషే తలెత్తి చూశాడు. వాళ్లిద్దరికీ తెలిసిన పరీక్ష అది. పైకప్పు ఉన్న బండికి కప్పు ముందువెనకలను పట్టి ఉంచుతుంది. కప్పు లేని బండికి నేలే ఆధారం. నేల చచ్చిపోతే, ఎత్తగానే బండి నడుము వంగుతుంది, తలుపు దాని చట్రంలో పట్టదు.

మోషే జాకీ తెచ్చాడు. నాలుగు తిప్పులు. కారు కిర్రుమంది. తలుపు వేశాడు. పడలేదు. గట్టిగా నెట్టాడు. తలుపు అంచు చట్రానికి తగిలి ఆగింది, మధ్యలో వేలంత సందు. కింద నల్లరంగు చీలి, పుట్టీ పెచ్చు ఒకటి ఊడి సిమెంటు మీద పడింది.

ఆ పెచ్చును మోషే బూటుతో పక్కకు నెట్టాడు.

"నీ బండిని నువ్వే ఫెయిల్ చేస్కుంటవా? నేనైతే రాసిస్తుంటి."

"ఎర్కే."

"మరెందుకు చెప్పినవ్?"

రాజయ్య మడిచిన టాపు వైపు చూపించాడు. "మీద కూసునేటోళ్ల మొకాలు నాకు కనవడవు మోషే. కాళ్లే కనవడ్తయి. ఆదివారం గవి జారి కింద పడితే నేను ఏడ సూడాలె?"

"వెల్డింగ్ చేస్తే..."

"పట్టుకునేతందుకు ఇనుమేది?"

మోషే ఒప్పుకున్నట్టు తల ఊపాడు. సుద్దముక్క తీసి ముందటి అద్దం మీద ఎఫ్ అని పెద్దగా రాశాడు. జరీ రిబ్బన్ విప్పి, ఆ పడని తలుపును చట్రానికి రెండు చుట్లు చుట్టి తానే ముడివేశాడు.

"మెల్లగ పో అన్నా," అన్నాడు. అన్నాక ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఫోన్లో బుచ్చిబాబు కేకలు వేయలేదు. "వాడికెలా దొరికింది?" అని మాత్రం అడిగాడు.

"నేనే చెప్పిన సార్."

ఫోన్లో వెనక ఎవరో గిన్నెలు లెక్కపెడుతున్న చప్పుడు.

"పద్నాలుగేళ్లు నోరు తెరవని మనిషివి. తెరవడానికి ఇవాళే దొరికిందా నీకు? సరే. మౌలాలిలో తుక్కు యార్డు వాడికి ఫోన్ చేస్తాను. సాయంత్రం నాలుగులోగా తోలుకెళ్లి తాళం వాడికిచ్చెయ్. ఆదివారానికి జీపు మాట్లాడుకుంటాను. దానికి డ్రైవరు ఉన్నాడు."

"సరే సార్."

మౌలాలి ఉత్తరం వైపు. రాజయ్య బండిని దక్షిణానికి, ఉప్పల్ దిక్కు తిప్పాడు.

చిలుకానగర్ కర్రీ పాయింట్‌లో ఉప్పలమ్మ రోజూ రెండున్నర దాకా చపాతీలు ఒత్తుతుంది. రోడ్డు మీద ఎర్ర కారు ఆగడం చూసి, పిండి చేతులతోనే బయటకు వచ్చింది. ముందు కారును, తర్వాత ఆయన ముఖాన్ని చూసింది.

"గిప్పుడొచ్చినవేంది? అద్దం మీద గా అచ్చరమేంది?"

"ఎఫ్. ఫెయిలని."

"ఎవలు? నువ్వా, బండా?"

"ఇద్దరం. ఎక్కు. మౌలాలి దాక పోయి ఇచ్చిరావాలె."

ఆమె ఇంకేమీ అడగలేదు. కొంగుకు చేతులు తుడుచుకొని ఎడమవైపు తలుపు తెరిచింది. ఒక కాలు లోపల పెట్టబోయి వెనక్కి తీసుకుంది.

"పెండ్లికూతుళ్లు కాళ్లు పెట్టిన సీటు," అని చెప్పులు విడిచి, సీటు వెనకకు చెయ్యి చాపి, ఆయన చెప్పుల పక్కన పెట్టింది. అప్పుడు కూర్చుంది.

"మీదికెక్కి కూసో. జంట గాడనే కూసుంటది."

"ఈ వయసుల నన్ను కింద పడేస్తవా? నడువు."

కర్రీ పాయింట్ ఓనరమ్మ సంతోషి గరిటె పట్టుకొని బయటకొచ్చింది. "అక్కా, ఇంకా నలభై చపాతీలున్నయి. ఏడికి?"

"బరాత్‌కు," అంది ఉప్పలమ్మ.

ఆయన మొదటి గేరులోనే తోలాడు. ఎడమకాలికి వేరే దారి తెలియదు, పైగా నడుము విరిగిన బండి. హెచ్ఎంటీ నగర్ దాకా వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి. కూరగాయల సంచి పట్టుకొని నడుస్తున్న ఒక ముసలాయన వాళ్లను దాటి పోయాడు.

"జర జోరుగ పోనీయ్. నడిసేటోళ్లు మనకన్న ముందుగాల పోతున్రు."

"గట్ల పోతే గిది రెండు తునకలైతది."

"అయితే గిట్లనే పోనీ."

నాచారం చౌరస్తాలో బైకు మీద ఇద్దరు పక్కకొచ్చారు. రిబ్బన్ కట్టిన తలుపును చూసి ఒకడు అడిగాడు. "పెద్దమ్మా, పెండ్లి ఏడ?"

"అయిపోయింది బిడ్డా. ముప్పై ఆరేండ్లయింది. బరాతే ఇయ్యాల."

వాళ్లు నవ్వుతూ ఈలవేసి పోయారు. ఉప్పలమ్మ తల మీద కొంగు సర్దుకొని, కాళ్లు కొంచెం ముందుకు చాపింది. రాజయ్య గేరు మార్చే సాకుతో ఒకసారి అటు చూశాడు. పగిలిన మడమలు. వేళ్ల సందుల్లో గోధుమపిండి. అరిగి సన్నబడిన మెట్టెలు, వేళ్లకు అతుక్కున్నట్టున్నాయి, వదులు లేదు.

మల్లాపూర్ దాటి, రైలు పట్టాల పక్కన పోయి, మూడున్నరకు మౌలాలి యార్డు గేటు ముందు బండి ఆగింది. దారిలో ఒక్కచోటా ఆగలేదు.

లోపల పని ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఒకాయన కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఇంకొకాయన బ్యాటరీ విప్పుకున్నాడు. నంబరు ప్లేటు తీసి పక్కన పడేశారు. రాజయ్య తాళం ఇచ్చాడు. ఇచ్చాక, అలవాటు కొద్దీ, సీట్లో ఎవరైనా ఏమైనా మరచిపోయారా అని వంగి చూశాడు. ఎడమ సీటు మీద పిండి మరక తప్ప ఏమీ లేదు. వెనకవైపు చూడలేదు. బరాత్ అయ్యాక ఆయన చూసేది సీటు మాత్రమే.

ఫోర్క్‌లిఫ్ట్ రెండు చేతులు చాపి వచ్చింది. భార్యాభర్తలు గేటు వైపు నడిచారు. వెనక ఒకసారి కిర్రుమంది. రాజయ్య తిరిగి చూడలేదు.

గేటు బయట కంకర మొదలైంది. నాలుగు అడుగులు వేశాక ఉప్పలమ్మ ఆగిపోయింది.

"నీ చెప్పులేవయ్యా?"

"నీయేవి?"

ఇద్దరూ వెనక్కి తిరిగారు. ఎర్ర బండి అప్పటికే రెండు బండ్ల మీద మూడోదిగా కూర్చొని ఉంది. నేల నుంచి రెండు నిలువుల ఎత్తు. గేటు దగ్గరి కాపలాదారు వాళ్ల పాదాలు చూసి సంగతి గ్రహించాడు.

"నిచ్చెన ఉంది పెద్దాయనా. తెప్పించాలా?"

రాజయ్య ఉప్పలమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు చాటున నవ్వుతోంది.

"ఉండనీ తీ," అంది. "బస్టాండు కాడ రబ్బరువి దొరుకుతయి."

కంకర దాటేదాకా ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది. రోడ్డు ఎక్కాక కూడా వదల్లేదు.

"ఇయ్యాల ఎవలెక్కిన్రని అడగవా?" అన్నాడు రాజయ్య.

"రేపు అడుగుత," అంది. "రేపు ఇంటికాడనే ఉంటవు గద."

వెనక, మూడో బండిలో, మడిచిన నల్లటాపు కింద, మడమలు అరిగిన రెండు జతల చెప్పులు పక్కపక్కన ఉన్నాయి, ముందుకే చూస్తూ.