సహ్హా

పొద్దున్న ఎనిమిదింటికల్లా విస్టిన్ చీపురు పట్టుకుని ఇమ్దీనా సందులు ఊడవడం మొదలుపెడతాడు. ఆ కోట ఊళ్ళో చెత్త తక్కువ, మాటలు ఎక్కువ. అన్న మాట ఎవరికోసం అన్నారో వాళ్ళ చెవిన పడేదాకా ఆ రాళ్ళమీదే పడి ఉంటుంది. అందుకే ఊరంతా గొంతు తగ్గించి, ఆచితూచి మాట్లాడుతుంది.

అస్సుంతా బస్సు దిగి కోట గుమ్మం దాటేసరికి అతను ఊడ్చిన మాటల్ని చేటలోకి ఎత్తుతున్నాడు.

"ఏం దొరికాయి విస్టిన్?"

"ఏముంటాయమ్మా, టూరిస్టులవి. 'బాత్రూం ఎక్కడ' అన్నవే డజను! మీ అన్నయ్య దగ్గరికేనా? ఇవాళైనా తలుపు కొడతావా, మలుపు దాకా వచ్చి తిరిగిపోతావా?"

"కొడతాను. రేపే ఆపరేషను. గుండె కోయించుకోనని మొండికేశాడట. కోయకపోతే చలికాలం దాటడన్నాడు డాక్టరు."

అన్నాచెల్లెళ్ళకి మాటల్లేక పన్నెండేళ్ళు. పండగకి పోటీపడి వాయించే ఎర్ర బ్యాండుకీ నీలం బ్యాండుకీ తాతలనాటి పగ. అస్సుంతా ఎర్ర బ్యాండువాళ్ళ పిల్ల అయ్యుండి, నీలం బ్యాండులో డ్రమ్ము వాయించేవాణ్ణి చేసుకుంది. అది చాలనట్టు, ఆ ఏడు పండగకి ముచ్చటపడి అన్న వాకిట్లో నీలం జెండా కట్టింది. అంత తెలివితక్కువ పని ఆ దీవిలో ఇంకెవరూ చేసి ఉండరు.

తలుపుకున్న ఇత్తడి చేపతో రెండుసార్లు కొట్టింది.

"ఎవరది?"

"నేనే అన్నయ్యా."

"నీలంవాళ్ళకి ఇక్కడేం పని? పో!"

బతిమాలుదామని దారంతా కూడబలుక్కున్నవన్నీ ఏడుపులో కొట్టుకుపోయాయి. వెంట తెచ్చిన, జున్ను కూరి పొరలుపొరలుగా కాల్చిన పస్తిజ్జీల పొట్లం గడపమీద పెట్టి, "సహ్హా" అంది, లోపలికి వినబడనంత మెల్లగా. అక్కడ ఆరోగ్యమన్నా ఆ మాటే, సెలవన్నా ఆ మాటే. తను ఏ అర్థంతో అందో ఆ ఏడుపులో ఆమెకే తెలియలేదు.

మలుపులో వెనక్కి తిరిగి చూసింది. విస్టిన్ ఆ గడపకి అటూ ఇటూ ఊడ్చి, గడపని మాత్రం వదిలేసి వెళ్ళిపోయాడు.

బస్సు వచ్చే వేళకి అన్నయ్య జారెన్ ఇంటి చెప్పులతో రొప్పుకుంటూ కోట గుమ్మం బయటికి వచ్చాడు. మీసాలకి పస్తిజ్జీ పొరలు అంటుకుని ఉన్నాయి.

"ఒసేయ్, ఆగు!"

"గుండె జబ్బు మనిషివి, ఆ పరుగేంటి అన్నయ్యా!"

"పొట్లం తీద్దామని వంగితే నీ మాట చెవిలో దూరింది. ఏ సహ్హా అది? బాగుండమనా, ఇక ఇంతే పోతున్నాననా?"

కోట బయట మాటలు గాలికి పోతాయి. ఇక్కడ ఏమన్నా మొహం చూసే అనాలి. అస్సుంతాకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"చెప్పను."

"చెప్పవే!"

"ఆపరేషన్ చేయించుకుని మా ఇంటికి రా. భోజనం పెట్టి చెప్తా."

"ఆ డ్రమ్ముగాడి ఇంటికా?"

"ఆ పూట ఆయన్ని వాయించనివ్వనులే."

బస్సు వచ్చి ఆగింది. జారెన్ మీసాలు తుడుచుకున్నాడు.

"ఆసుపత్రికి ఎన్నింటికి రమ్మన్నారో కాగితంలో ఉంది. కళ్ళజోడు కనిపించట్లేదు. వచ్చి చదివిపెట్టు" అన్నాడు ఎటో చూస్తూ.

అస్సుంతా బస్సుని వదిలేసింది.