ఖాళీల బాబాయి

వరుస మొదట్లో ఖాళీలు లెక్కపెడుతున్నాడు. చూపుడువేలి గోరు కంప్యూటరు తెరకు ఆనించి, ఒక్కో ఖాళీ దగ్గర కాస్త ఆగి, పెదవులు కదుపుతూ. దున్నిన చాలు వంకర పోయిందేమోనని గట్టు మీద నుంచి చూసే మనిషిలా తల ఓ పక్కకు వాల్చాడు.

ఆఫీసులో అందరూ అతణ్ణి ఖాళీల బాబాయి అంటారు. ఆ కంపెనీ ఆసుపత్రులకు ప్రోగ్రాములు నడుపుతుంది. ఏ ప్రోగ్రాము ఏ సర్వరు మీద నడవాలి, ఎన్ని కాపీలు నడవాలి, లోపలికి ఎవరు రావచ్చు, మార్పులకు ఎవరు సరేననాలి, అన్నీ ఫైళ్లలో రాసి ఒకచోట ఉంటాయి. సర్వర్లను ఎవరూ చేత్తో ముట్టుకోరు. ఫైలు మారితే చాలు, అవే చదువుకుని అలా మారిపోతాయి. అందుకే ఒకరు రాసింది ఇంకొకరు చూసి ఒప్పుకుంటేనే ఫైల్లో చేరుతుంది. వరుస మొదట ఒక్క ఖాళీ తగ్గినా అంతా తారుమారే. ఆ చూడటమే బాబాయి పని.

“బాబాయ్, గోరు ఎలాగూ అరిగింది. తెరనైనా వదిలెయ్యండి,” అంది పక్క సీటు అమ్మాయి.

“నువ్వు తిన్నగా రాసి ఏడిస్తే నా గోరుకీ తిప్పలెందుకమ్మా?”

ఆమెకు ఈ పని నేర్పింది అతనే.

చూస్తున్నది ఒప్పుకుని తర్వాతది తెరిచాడు. అదీ ఆ అమ్మాయి పంపిందే. అందులో తీసేసిన వరుస ఒక్కటే, ఎర్రగా ఉంది. తన పేరు. లోపలికి రానిచ్చేదీ, మార్పులు ఒప్పుకోనిచ్చేదీ ఆ వరుసే. దాని కింద ఆకుపచ్చలో ఒక ప్రోగ్రాము పేరు. ఇకపై మార్పులు చూసేది అదేనట.

గోరు తెర మీదే ఉండిపోయింది.

“అమ్మా, ఇదేంటి?”

అమ్మాయి నవ్వు మొహంతోనే తొంగిచూసింది. ఆ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

“అయ్యో... ఇది మీకెలా వచ్చింది?”

ఎలా వచ్చిందో అతనికి తెలుసు. ఆ ఫైలును ఎవరు మార్చినా తనను అడగాల్సిందేనని కట్టుబాటు పెట్టింది తనే.

“మేనేజరు గారు సాయంత్రం మీకు చెప్తానన్నారు బాబాయ్. నన్ను రాసి ఉంచమన్నారంతే. ఆయన ఒక్కరికే వెళ్తుందనుకున్నా.”

“నీకెప్పుడు చెప్పారు?”

“సోమవారం.”

నిన్న మధ్యాహ్నం కూడా ఇద్దరూ ఒకే డబ్బాలో తిన్నారు.

అతను తెర వైపు తిరిగాడు. ఆకుపచ్చ వరుస మొదట గోరు ఆనించాడు. తర్వాత రెండు వేళ్లతో ఏదో కొట్టాడు. అమ్మాయి తెర మీద పడింది: ‘రెండు ఖాళీలుండాలి. ఒకటే ఉంది. సరిచేసి పంపు.’

“నా వల్ల కాదు. ఆయన్నే చేసుకోమనండి.”

“ఇలాగే చేరితే రేపు ఏ ఆసుపత్రికీ ఏ మార్పూ వెళ్లదు. ఒక్క నొక్కుడే కదా. కానియ్.”

ఆమె నొక్కింది. రెండు చేతులతో మొహం కప్పుకుంది.

మార్పు మళ్లీ వచ్చింది. ఒకటి. రెండు. పెదవులు కదిలాయి. ఒప్పుకున్నాడు.

కాసేపటికి సర్వర్లు కొత్త ఫైలు చదువుకున్నాయి. మీకు ప్రవేశం లేదు, అంది తెర. ఆ వాక్యాన్నీ చివరిదాకా చదివి లేచాడు. బీరువా పక్కన నిలబడి బూట్లు తొడుక్కుంటూ ఇంటికి ఫోను చేశాడు.

“వచ్చేస్తున్నా.”

“ఇంత పెందలాడేనా? ఒంట్లో బాగోలేదా ఏంటండీ?” అంది భార్య.

“బాగానే ఉంది. వచ్చి చెప్తా.”

వెళ్తూ అమ్మాయి తల మీద చెయ్యి వేయబోయి, కుర్చీ వీపు మీద వేసి, తీసేశాడు.

సాయంత్రం మేనేజరు వచ్చాడు. మొహానికి కావలసినంత విచారం ముందే తెచ్చుకున్నాడు.

“బాబాయిగారేరమ్మా? ఒక మాట చెప్పాలి.”

అమ్మాయి చూపు పక్క బల్ల కింద ఉంది. అక్కడ బాబాయి ఆఫీసులో వేసుకునే రబ్బరు చెప్పులున్నాయి. ఒకటి తిన్నగా ఉంది. ఇంకోటి బోర్లా పడి, అరిగిన మడమ పైకి చూపిస్తోంది.