రాజుగారి నోరు

ఘనా దేశంలోని అషాంతి ఊళ్ళలో, అందరూ 'నానా' అని పిలిచే రాజు కొలువు తీరితే ఎవరూ ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. బంగారు పిడి కర్ర పట్టుకుని పక్కన నిలబడే 'రాజుగారి నోటి'కి చెప్పుకోవాలి. ఈ ఊళ్ళో ఆ నోరు అద్దాయ్. అతను దాన్ని రాజుకి విన్నవిస్తాడు. ఆవేళ ఫిర్యాదు అద్దాయ్ భార్య సెర్వాది.

"ఏవయ్యా, ఉన్నదున్నట్టు చెప్తావా?" పొద్దున్నే అడిగింది.

"పిచ్చిదానా, నీ గుండెలో ఉన్నదే నా నోట్లోంచి వస్తుంది."

ఎంత నునుపు! పెళ్ళైన కొత్తలో ఆ నునుపుకే కరిగిందామె. ఇప్పుడు పాచి రాయి మీద కాలు వేసినట్టుంటుంది.

కొలువులో చెప్పులు విడిచి నిలబడింది. "నానాకి చెప్పు. మా తోట పక్క వాగుని బంగారం తవ్వేవాళ్ళకి ఆయన అమ్మేశారు. ఆ నీళ్ళు తాగి మేకలు చచ్చాయి. ఇప్పుడు పొక్లెయిన్ మా అమ్మ నాటిన కోకో చెట్ల మీదికి వస్తోంది. ఆపమను."

అద్దాయ్ గొంతు సవరించుకున్నాడు. "నానా, మహావృక్షమా! మీ చల్లని నీడ తన తోట మీదికి కూడా కాస్త జరగాలని ఈ ఊరి కూతురు వేడుకుంటోంది."

జనం ఆహా అన్నారు. రాజు చిరునవ్వుతో, "నీడ ఎప్పుడూ ఉంటుందని చెప్పు" అన్నాడు.

ఎవరో నమిలిన ముద్ద తన నోట్లో కుక్కినట్టయింది సెర్వాకి. రాజు వైపే తిరిగింది.

"నీడ కాదు నానా, మీరు మా వాగు అమ్ముకున్నారు. ఆ బండిని ఆపుతారా, ఆపరా?"

"ఎంత పొగరు! గొర్రె దండగ కట్టాల్సిందే!" ఒక పెద్ద అరిచాడు.

అద్దాయ్ మోకాళ్ళ మీద పడ్డాడు. "నానా, తల్లికోడి కాలు పడితే పిల్ల చావదంటారు. దీని నోరు దురుసు గానీ మనసు పసిది. నా మొహం చూసి వదిలెయ్యండి!" అతని కళ్ళు తడిశాయి. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు.

"అదృష్టవంతురాలివే తల్లీ," పక్కావిడ గుసగుసలాడింది. "మా ఆయనైతే గొర్రెతో పాటు నన్నూ తోలేసేవాడు."

రాజు క్షమించాడు. వాగు మాట ఎవరికీ గుర్తులేదు. ఆ కన్నీళ్ళు దొంగవి కావని సెర్వాకి తెలుసు. అంటున్నంతసేపూ తన మాటల్ని అతనూ నమ్ముతాడు. అసలు రోత అదే.

"క్షమాభిక్ష నాకొద్దు, గొర్రె కడతాను," అంది. "దండగ వేస్తే నేరం ఏంటో, అన్న మాట అన్నట్టుగా సభకి వినిపించాలిగా. వినిపించండి."

పెద్దలు మొహమొహాలు చూసుకున్నారు. ఆచారం ఆచారమే. వినిపించాల్సినవాడు అద్దాయ్.

"ఊరుకోవే సెర్వా," గొణిగాడు.

"కానివ్వు."

అతను కర్ర ఎత్తాడు. "మీరు మా వాగు అమ్ముకున్నారు..." ఒక్క మాట పొల్లుపోలేదు. కానీ అదే గొంతు. సాగదీసే చోట సాగదీసి, ఆగే చోట ఆగి. ఆగినప్పుడల్లా డోలు వాయించేవాడు అలవాటుగా ఒక దెబ్బ వేశాడు. ముసలివాళ్ళు తలలూపారు. ఇంకెవరో రాజు సంగతి వింటున్నట్టు నానా కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఏం గొంతురా!" అన్నాడు ఇందాక అరిచిన పెద్దే.

తర్వాతి ఫిర్యాదు పిలిచారు.

సెర్వా బయటికొచ్చి, నోట్లో ఊరిన చేదు గోడవారన ఉమ్మింది. తోట దారి పట్టింది. చెట్ల వెనక పొక్లెయిన్ రొద వినిపిస్తోంది. నేరుగా దానికే ఎదురు నడిచింది.