కుడి చెంప మీద తడి మట్టి

పొద్దున్నే సెలూను తలుపు తీసి, నేల ఊడ్చి, కత్తికి పదును పెట్టుకుని, ఆ తర్వాత ఫ్యానుని ఎడమ గోడవైపు తిప్పేవాడతను. కుడి చెంపకి గాలి తగలకూడదు. ఏడాదికోసారి, కొన్ని వారాలపాటు, కుడి కంటి వెనక మేకు దిగ్గొట్టినట్టు నొప్పి వచ్చేది. కన్ను ఎర్రబడి నీళ్లు కారేవి. నొప్పి దిగాక కూడా ఆ పక్క చర్మం దువ్వెననీ, దిండుగుడ్డనీ, ఆఖరికి సొంత వేలినీ ఓర్చుకునేది కాదు. అందుకే అందరికీ గడ్డం గీసే మనిషికి కుడివైపు గడ్డం మాసి ఉండేది. సగంగడ్డం అనే పిలిచేవారు.

నొప్పి ఉన్న ఆ రోజుల్లో, కుర్చీలో కూర్చున్నవాళ్ల మొహానికి సాయంత్రంలోగా తగలబోయేది ముందుగా అతని కుడి చెంపకి తగిలేది.

"నాకివాళ ఏముంది?" అని అడిగేవారు.

"మనవరాలి ముద్దు. ఎంగిలి ముద్దు," అనేవాడు, బాధకి పళ్లు బిగించి. ఇంకొకాయనకి, "చెంపదెబ్బ. ఇంటికి కాస్త నెమ్మదిగా వెళ్లండి."

అలాంటి ఒక పూట భార్య తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. నీళ్ల గొట్టాలు వేసే గోతిలో పని అతనిది. ఒకరు దిగి తవ్వితే ఒకరు పైనుంచి మట్టి తట్టలు లాగుతారు. అతని జోడీ వెనక బల్ల మీద కాళ్లూపుతూ కూర్చున్నాడు.

ఎడమ చెంప గీయడం అయిందో లేదో, సగంగడ్డానికి చల్లగా ఏదో తగిలింది. తడి మట్టి. చెంప నిండి, ముక్కు నిండి, కంటిదాకా వచ్చింది. కత్తి కింద పెట్టేశాడు.

"ఏం బావా, నాకెవరన్నా ముద్దు పెడుతున్నారా?"

సగంగడ్డం మట్టి మాట ఎత్తలేదు. "నొప్పి లేచింది. మిగతాది సాయంత్రం గీస్తా."

"అందాకా నేనూ సగంగడ్డాన్నేనా? ఈ మొహంతో పనికెలా పోను?"

"పోకు. ఇక్కడే ఉండు."

వెనక జోడీ పగలబడి నవ్వాడు. "ఇవాళ దిగే వంతు నీదిరా, బాగా తప్పించుకున్నావు! పోనీలే, నేను దిగుతా. పైన ఇంకెవరినైనా పెట్టుకుంటా."

ఆ జోడీ గడప దాటుతుంటే సగంగడ్డం కంటి మీది మట్టి జారింది. మెట్లు దిగేసరికి ముక్కు ఖాళీ అయింది. వీధిలోకి వెళ్లేసరికి చెంప పొడిగా ఉంది.

"తగ్గిందా బావా?"

సగంగడ్డం వేలితో చెంప తాకి చూసుకున్నాడు. నొప్పి లేదు. ఒక్క ఉదుటున గుమ్మంలోకి వచ్చాడు. జోడీని పిలవాలి. పిలిస్తే, వంతు తనదేనని లోపలున్నవాడు లేచి బయల్దేరతాడు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

వీధి మలుపులో ఆ జోడీ ఆగాడు. కుడి చెంపని అరచేత్తో తుడుచుకుని, చేతికేమైనా అంటిందా అని చూసుకున్నాడు. ఏమీ లేకపోయేసరికి మలుపు తిరిగాడు.