పెరిగే పిల్లకని వదిలిన గుడ్డ

ఆ దర్జీ నోరు తెరిస్తే అబద్ధం, మూస్తే నిద్ర అనేది వాళ్ళావిడ. అందులో కాస్త అన్యాయం ఉంది. ఆయన నిద్రలో కూడా కోతలు కోసేవాడు.

ఒకప్పుడు ఓ పొడుగాటి మనిషి పంట్లాం కుట్టించుకోవడానికి వచ్చాడట. నడుం దగ్గర టేపు పట్టుకుని పొద్దున్నే బయల్దేరితే చీలమండ చేరేసరికి భోజనాల వేళయిందట. ఇంకోసారి ఏనుగుకి కోటు కుట్టాడట. దానికి సరిపడే బొత్తాలు ఎక్కడా దొరక్క ఇంట్లో కంచాలు పట్టుకెళ్ళి కుట్టేశాడట.

"అందుకేనా తాతయ్యా, మనింట్లో కంచాలన్నీ తలోరకంగా ఉంటాయి?" అని మనవరాలు అడిగేది.

"మరి! ఏనుగు తిరిగిస్తేనా?"

మనవరాల్ని ఇంట్లో అందరూ పిడుగు అని పిలుస్తారు. పెట్టిన పేరు బళ్ళో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండదు.

ఏనుగులూ పొడుగాటి మనుషులూ పక్కన పెడితే, ఆయన నిజంగా కుట్టేది బడి పిల్లల యూనిఫారాలు. సందు మొదట్లో చిన్న కొట్టు. గుమ్మం పక్కన మిషను, గోడ నిండా మేకులు, మేకు మేకుకీ ఓ చొక్కా. ఈ పనిలో ఆయనకో పద్ధతి ఉంది. పిల్లల బట్ట ఏది కుట్టినా లోపల నాలుగు వేళ్ళ గుడ్డ అదనంగా వదిలి, మడిచి, దాన్ని పసుపు దారంతో లూజుగా కుడతాడు. పిల్ల పెరిగాక తల్లి వెతుక్కోకుండా ఆ పసుపు దారం ఒక్కటీ లాగేస్తే చాలు, మడత విడిపోయి బట్ట మరో ఏడాదికి సరిపోతుంది. "పిల్ల పెరుగుతుంది, గుడ్డ పెరగదు. కత్తిరించేసింది మళ్ళీ రాదు," అంటాడు. ఈ మాట మాత్రం కోత కాదు.

ఎండలు ముదిరే రోజుల్లో బొమ్మలు చేసే మేస్త్రి ఒకాయన కొట్టుకొచ్చాడు. ఊళ్ళో మ్యూజియంలో రాక్షసబల్లుల ప్రదర్శన పెడుతున్నారు. తల్లి బొమ్మకి రబ్బరు తోలు పోత పోసేశారు. పిల్ల బొమ్మకి మాత్రం గుడ్డతోనే తోలు కుట్టాలి, పిల్లలు పట్టుకుని చూడ్డానికి మెత్తగా ఉండాలట. ఆకుపచ్చ మందపాటి గుడ్డ, కాగితం కొలతలు చేతికిచ్చి, "పిల్లది, జాగ్రత్త" అన్నాడు. దర్జీ రెండు సూదులు విరగ్గొట్టి, దుకాణంలో చోటు చాలక తోకని సందులోకి పరిచి మరీ కుట్టాడు. సంచిలో కుక్కి పంపించాడు. తర్వాత దాన్ని ఆయన చూళ్ళేదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. పిడుగు ఊరుకోకుండా బళ్ళో చెప్పేసింది, రాక్షసబల్లికి తోలు మా తాతయ్యే కుట్టాడని. ఏనుగు కోటు కథ అంతకు ముందే క్లాసంతా తిరిగొచ్చింది. ఇక అడగాలా! "కోతల తాత మనవరాలు" అని పేరు పడిపోయింది. అందరికంటే ఎక్కువ వేధించింది రెండు జడల పిల్ల ఒకతి. ఆ పిల్లకి రాక్షసబల్లుల పేర్లన్నీ నోటికొచ్చు. ఎదుటి మనిషి మాట మీద మాత్రం నమ్మకం లేదు. టీచర్లే ఆ పిల్లకి అనుమానం అని పేరు పెట్టారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర పిడుగు తాత మొహంలోకి సూటిగా చూసింది.

"తాతయ్యా, ఇది నిజమేనా? నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టే."

"అబద్ధమైతే ఇంక నీ కథలు ఒక్కటి కూడా వినను."

ముసలాయన నవ్వబోయి ఆగాడు. పిల్ల కళ్ళలో ఆటలేదు. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఆయన కథలు చెవి ఒగ్గి వినేది ఆ ఒక్క పిల్లే. వాళ్ళావిడ విననే వినదు, కూతురికి తీరిక లేదు.

అలా ఓ ఆదివారం నలుగురూ బయల్దేరారు: దర్జీ, వాళ్ళావిడ, పిడుగు, అనుమానం. "నీ కళ్ళతో నువ్వే చూద్దువుగాని రా" అని పిడుగే దాన్ని పిలిచింది.

మ్యూజియం నిండా జనం. నాన్నల భుజాల మీద పిల్లలు, తోపుడు బళ్ళల్లో పాపలు. గుమ్మంలోనే కప్పుకి తగిలేటంత అస్థిపంజరం ఒకటి పళ్ళికిలించి నిలబడింది.

"దీనికి చొక్కా కుట్టాలంటే మెడ కొలతకే నిచ్చెన కావాలి," అన్నాడు దర్జీ.

"ఏమండీ, ఇవాళ ఒక్కరోజు నోరు కుట్టేసుకోండి," అంది వాళ్ళావిడ.

ఒక గదిలో మీట నొక్కితే రాక్షసబల్లి అడుగుల చప్పుడు. ఇంకో గదిలో ఇసక తవ్వి ఎముకలు వెతికే ఆట. అనుమానం ప్రతి ఎముక ముందూ ఆగి రాసింది చదివి, అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకుని గానీ కదల్లేదు. పిడుగు మాత్రం దేన్నీ చూడ్డం లేదు. ఎత్తుగా ఆకుపచ్చగా ఏది కనబడినా పరిగెడుతోంది.

చివరికి కనబడింది. గూటిలాంటి పెద్ద మట్టి దిబ్బ మీద తల్లి, పక్కనే పిల్ల. చుట్టూ తాడు కట్టారు.

దూరం నుంచి చూడగానే దర్జీ టక్కున ఆగిపోయాడు. పిల్ల బొమ్మ తోలు ముందు కాళ్ళ మీదా కుడి వెనక కాలి మీదా ముడతలు ముడతలుగా జారిపోయింది. లాగూ జారిన పిల్లాడిలా నిలబడి ఉంది పాపం. లోపల మడిచిన గుడ్డ బరువు ఆ పసుపు దారం ఆపలేకపోయిందని ఆయనకి ఒక్క చూపులో తెలిసిపోయింది. అంత మందం గుడ్డకి అంత లూజు కుట్టు వేయకూడదు. అసలు ఆ మడతే పెట్టకూడదు. "పిల్లది" అనగానే చెయ్యి దాని అలవాటు కొద్దీ అది పని చేసుకుపోయింది.

తాడు చుట్టూ చేరిన పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. వచ్చినవాళ్ళకి గది చూపించే మ్యూజియం అమ్మాయి చెబుతోంది:

"అవును, తోలు కాస్త వదులైంది. కుట్టినవాళ్ళు కొలత తప్పారు. సరిచేయించే టైం లేకపోయింది."

దర్జీకి తల కొట్టేసినట్టయింది. మెల్లగా పక్కగదివైపు ఓ అడుగు వేశాడు. తేలు కుట్టిన దొంగలా వెళ్ళిపోతే అడిగేదెవరు? "మనది ఇది కాదేమోనే, వేరే చోట ఉంటుంది" అంటే సరిపోతుంది. నోటి చివరిదాకా వచ్చింది కూడా.

"తాతయ్యా," పిడుగు ఆయన చొక్కా పట్టుకుంది. "ఇదేనా?"

అనుమానం చేతులు కట్టుకుని నిలబడింది. "ఇది కాదులే అంటాడు చూడు," అంది, ఆయనకి వినబడేలాగే.

జన్మలో ఎన్ని కథలు చెప్పాడో, ప్రతి దాన్లోనూ ఆయనే గెలిచాడు. ఇప్పుడొక్క నిజం చెప్పాలి, అదేమో చెడిపోయిన కుట్టు. ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"ఇదేనమ్మా. నేనే కుట్టాను. కొలత తప్పలేదు, లోపల గుడ్డ వదిలాను."

చూపించే అమ్మాయి తిరిగి చూసింది. "వదిలారా? ఎందుకు తాతగారూ?"

"పిల్లన్నారు కదా. పెరుగుతుందని."

గది గదంతా గొల్లున నవ్వింది. భుజం మీది పిల్లాడు జారిపోతున్నా చూసుకోకుండా ఓ నాన్న నవ్వాడు. దర్జీ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వనిది పిడుగూ అనుమానమూ.

"ఎవరైనా అలా చెప్పొచ్చు," అంది అనుమానం. "రుజువేది?"

"ఎడమ వెనక కాలు ఇంకా జారలేదు చూడు. లోపలివైపు నాలుగు వేళ్ళ మడత ఉంటుంది. పసుపు దారంతో కుట్టి ఉంటుంది. తోలంతా ఆకుపచ్చ దారమే, పసుపు అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు."

చూపించే అమ్మాయి తాడు ఎత్తి దిబ్బ మీద మోకాళ్ళ మీద కూచుని, ఫోను లైటు వేసి కాలి కింద నుంచి చూసింది. "పసుపే!" అని అరిచి అనుమానాన్ని కూడా లోపలికి రమ్మంది. అనుమానం బోర్లా పడుకుని, వేళ్ళతో మడత కొలిచి, లేచి మోకాళ్ళు దులుపుకుంది.

"నాలుగు వేళ్ళు కాదు. ఐదు," అంది.

"నావి, నీవి ఒకటా తల్లీ?" అన్నాడు దర్జీ.

అనుమానం ఆయన చేతివైపు చూసి, తన చేతివైపు చూసుకుని, ఒప్పుకుంది. పిడుగు మాత్రం తాత చొక్కా పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

చూపించే అమ్మాయి ఆయన్ని పక్కకి పిలిచింది. "మంగళవారం మ్యూజియానికి సెలవు. ఓసారి వచ్చి ఆ ఎక్కువ గుడ్డ కత్తిరించేస్తారా?"

"అలాగేనమ్మా. నా తప్పే కదా."

పక్కగది చీకటిగా ఉంది. గోడ మీద ఆడుతున్న బొమ్మల్లో ఆకాశం నుంచి నిప్పుకొండలాంటి రాయి ఒకటి కిందికి వచ్చి పడుతోంది, మంటలు, పొగ, ఆ పైన బూడిద. మళ్ళీ మొదట్నుంచీ. అనుమానం పాఠం చెప్పినట్టు చెప్పింది. ఆరు కోట్ల ఏళ్ళకి పైమాటే. రాయి పడింది, దుమ్ము సూర్యుణ్ణి కప్పేసింది, మొక్కలు పోయాయి, వాటిని తినేవి పోయాయి, వీటిని తినేవీ పోయాయి.

"పిల్లలు కూడానా?" అంది పిడుగు.

"అన్నీ. పక్షులైనవి తప్ప."

పిడుగు ఆ రాయి పడ్డం రెండోసారీ చూసింది. "అయితే అది పెరగలేదన్నమాట," అంది. ఎవరినీ అడిగినట్టు లేదు.

మంగళవారం దర్జీ కత్తెర, సూదులు, దారాలు పెట్టె సర్దుకుంటుంటే పిడుగు వచ్చి పక్కన కూచుంది. బళ్ళో సంగతి చెప్పింది. రుజువు తన కళ్ళతో చూశానని అనుమానమే క్లాసంతా చాటిందట.

"తాతయ్యా, కత్తిరించేస్తావా?"

"ఆ అమ్మాయి అదే అడిగింది కదే."

"కత్తిరించేసింది మళ్ళీ రాదన్నావు కదా."

ముసలాయన కత్తెర వంక చూసి, దాన్ని పెట్టెలోంచి తీసి మిషను మీద పెట్టేశాడు.

మ్యూజియంలో ఆ పూటంతా దిబ్బ మీద కూచుని నాలుగు కాళ్ళ గుడ్డా లోపలికి మడిచి, ఈసారి పసుపు దారం నాలుగు పేటలు వేసి బిగించి కుట్టాడు. తోలు నున్నగా అతికింది. చూపించే అమ్మాయి వంగి చూసి, "తాతగారూ, కత్తిరించలేదే?" అంది.

"కనబడుతోందా?"

"లేదు."

"మరి ఉండనీ అమ్మా. అడ్డేముంది."

ఆదివారం పిడుగూ అనుమానమూ మళ్ళీ వెళ్ళి చూసొచ్చారు. ఎవరూ నవ్వలేదట. సాయంత్రం ఇద్దరూ కొట్టు గుమ్మంలో కూలబడ్డారు. అనుమానం గోడ మీది చొక్కాలన్నీ ఓసారి చూసి, జడ వెనక్కి వేసుకుని మెల్లగా అడిగింది.

"తాతగారూ, అయితే ఏనుగు కోటు కూడా నిజమేనా?"

ఆయన నోరు తెరిచాడు. లోపల్నుంచి వాళ్ళావిడ గొంతు వచ్చింది: "అయిపోయింది! ఇంక ఈయనకి పట్టపగ్గాల్లేవు."

దర్జీ పిడుగు వంక చూశాడు. పిడుగు గడ్డం కింద చేతులు పెట్టుకుని అప్పటికే సర్దుకు కూచుంది.

"కోటు సంగతి తర్వాత," అన్నాడు. "ముందు ఆ ఏనుగు కొట్టులో ఎలా పట్టిందో చెప్పాలి."