గొంతు పోయిన రోజులు

ఈశ్వరమ్మ టీచర్ గొంతు గురించి ఆ ఊళ్లో చెప్పుకోని వాళ్లు లేరు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే రోడ్డు పక్కనే బడి. బస్సుల హారన్లను మించి అరిస్తే తప్ప అక్కడ పాఠం సాగదు. టీచర్ లోపల ‘అ’ అంటే శనగ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లు కూడా ‘అ’ అంటారని ఊరంతా ఎగతాళి. ఆమెకు మాత్రం అది బిరుదు ఇచ్చినట్టే ఉండేది.

ఆమె పద్ధతి ఒకటే. తను ఒక వరుస చదవాలి, పిల్లలు వేలు పెట్టుకుని అదే వరుస అనాలి. అందరిలోకీ బాగా అనేది రెండో తరగతి ఆర్షియా. ఒక్కసారి వింటే చాలు, పాఠం పాఠమంతా అప్పజెప్పేది. ఒకరోజు గాలికి పుస్తకంలో రెండు పేజీలు తిరిగిపోయాయి. అయినా ఆ పిల్ల వేలూ ఆగలేదు, నోరూ ఆగలేదు. బొమ్మ మీద వేలు పెట్టి పాత పాఠమే గడగడా చదువుకుంటూ పోతోంది. టీచర్‌కు అప్పుడర్థమైంది. పిల్లకు అక్షరాలు విడివిడిగా తెలుసు, కలిపి ఒక్క మాట చదవడం కూడా రాదు.

మందలిస్తే ఆర్షియా దగ్గర జవాబు సిద్ధం. “ఫోన్లో వాయిస్ పెడితే కువైట్‌లో మా అబ్బ వింటాడు గదా టీచర్. ఇంగ చదివేదెందుకు, రాసేదెందుకు?”

నాన్న కువైట్‌లో ఉంటే, వాళ్లమ్మ మాబున్ని ఇంట్లో మిషను కుడుతుంది. తను బడి ముఖం చూడలేదు, బిడ్డ మాత్రం చదవాలి. సంగతి తెలియగానే బడికొచ్చింది. “ఈ నెలాఖరు దాకా చూస్తా టీచర్. అప్పుటికీ చదవకపోతే ప్రొద్దుటూరు ప్రైవేటు స్కూలు వ్యాను ఎక్కిస్తా. ఏమీ అనుకోవద్దు” అని చెప్పి పోయింది.

అనుకోకుండా ఎలా ఉంటుంది? ఆర్షియా లేకపోతే ఆ గదిలో సందడే లేదు. పైగా ఇన్నేళ్లు పాఠాలు చెప్పి ఒక పిల్లకు చదవడం నేర్పలేకపోయిందంటే పరువేం కావాలి? ఈశ్వరమ్మ పట్టుబట్టి ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసేపు చదివి చెప్పింది. వారం తిరక్కుండా గొంతు పూర్తిగా పోయింది. ప్రొద్దుటూరు డాక్టరు టార్చి వేసి చూసి, నెల దాటేదాకా గుసగుస కూడా పనికిరాదన్నాడు. సెలవు పెడదామంటే ఉన్నది ఆమె ఒక్కతే, బడికి తాళం పడుతుంది. ఆర్షియా గడువేమో ముంచుకొస్తోంది. మూగనోముతోనే బడికి పోయింది.

‘ఈ రోజు నుంచి నేను మాట్లాడను’ అని బోర్డు మీద రాసింది. పిల్లలు బోర్డు చూడలేదు, ఆమె నోరు చూశారు.

“చదువు టీచర్, మేము అంటాము” అన్నాడు కార్తీక్.

ఆమె తల అడ్డంగా ఊపింది. చెరిపేసి, తోచీ తోచక ఇంకో వాక్యం రాసింది. ‘మేక బస్సెక్కింది.’

ఇక తప్పదని పిల్లల కళ్లు బోర్డు మీదికి మళ్లాయి. కాసేపటికి కార్తీక్ కిసుక్కుమన్నాడు. తర్వాత జాహ్నవి, ఆ వెనక ఇంకో నలుగురు. అందరి తర్వాత, అందరూ నవ్వుతున్నారు కదా అని ఆర్షియా నవ్వింది. నవ్వి, కార్తీక్‌ను మోచేత్తో పొడిచింది. “ఏం రాసిందిరా?”

“నువ్వే చూస్కో పో.”

‘కండక్టర్ టికెట్ ఇచ్చాడు’ అని రాసింది టీచర్. తర్వాత, ‘మేక టికెట్ తినేసింది.’ మళ్లీ నవ్వులు. మళ్లీ అందరికంటే వెనక ఆర్షియా. ఆటల్లో, మాటల్లో ఎప్పుడూ ముందుండే పిల్లకు నవ్వులో వెనకబడటం అసలు సహించలేదు. మూతి ముడుచుకుని కూర్చుంది.

నవ్వు నాలుగు విధాల చేటన్న వాళ్లు రెండో తరగతికి పాఠం చెప్పి ఉండరు.

ఈశ్వరమ్మకు ఇంకో సంగతి తెలిసింది. తను చదివినన్నాళ్లూ తన కళ్లు పుస్తకం మీదే ఉండేవి. ఇప్పుడు పిల్లల ముఖాలు కనపడుతున్నాయి. కనుబొమలు ముడిపడటం, పెదాలు కదలటం, చివరి అక్షరం దగ్గర ముఖం విచ్చుకోవటం. ఇన్నేళ్లూ అన్నం ముద్దలు తనే నమిలిపెట్టి, పిల్లలకు నమలడం రాలేదని బాధపడింది కాబోలు. ఆ ఆలోచనకు కొంచెం సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ సంబరమైంది.

మేక కథ రోజూ నడిచింది. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఆర్షియా ఒక్కతే బోర్డు దగ్గర నిలబడేది.

“ఇది ‘మే’ గదా టీచర్?”

టీచర్ తల ఊపేది.

“ఇది ‘క’?”

అవునన్నట్టు మళ్లీ ఊపేది. మొత్తం మాట చెప్పేయాలని నాలుక దురద పెట్టేది. ముందైతే ఎప్పుడో చెప్పేసేది కూడా. డాక్టరు మాట గుర్తొచ్చి పళ్లు బిగబట్టేది. పిల్ల ఆ రెండింటినీ కాసేపు చూసి, తనలో తను గొణుక్కుని, “మేక” అనేది. తర్వాత మాటకు పోయేది.

నెలాఖరు రోజున కథలో మేక డ్రైవర్ సీట్లో కూర్చుంది. టీచర్ తర్వాతి వాక్యం రాసింది. ‘హారన్ కొడితే మే మే అనింది.’

చుక్క పెట్టిందో లేదో వెనక నుంచి ఒక్క నవ్వు పగలబడింది. అది ఆర్షియాది. గది గదంతా వెనక్కి తిరిగింది.

“ఏముందే?” అన్నాడు కార్తీక్, ఇంకా ‘హారన్’ దగ్గరే ఉండి.

“నేను చెప్పను. నువ్వే చూస్కో పో.”

ఈశ్వరమ్మకు ఏడుపొచ్చింది. బోర్డు వైపు తిరిగి, తుడవాల్సింది ఏమీ లేని చోట తుడిచింది.

సాయంత్రం అనుకున్నట్టే మాబున్ని వచ్చింది. “వ్యానోళ్లకు మాట చెప్పాల టీచర్. చదువుతాందా లేదా, ఒక్క ముక్క చెప్పండి.”

టీచర్ గొంతు చూపించి బోర్డు మీద రాసింది.

“నాకు చదివేది రాదు గదా టీచర్” అంది మాబున్ని చిన్నబుచ్చుకుని.

టీచర్ బెత్తం ఆర్షియా చేతికిచ్చింది. పిల్ల ఒక్కో అక్షరం కింద బెత్తం పెట్టింది. “ఆర్...షి...యా. ఆర్షియా. చ...దు...వు...తోం...ది.” ఆగింది. తర్వాతి అక్షరానికి కింద ఇంకోటి వేలాడుతోంది. దాన్ని చాలాసేపు చూసింది. “వ్యా... వ్యాను. వ్యాను వద్దు.”

మాబున్ని కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఇంగోసారి చదువు మా” అంది మెల్లగా.

ఆర్షియా ఈసారి ఆగకుండా చదివింది. చదివి, బెత్తం ఇంకా ముందుకు జరిపింది. “ఆర్షియాకు... దినాము... ఐసు... కొనియ్యాల.”

టీచర్ కాదనబోయి నోరు మూసుకుంది. మాబున్ని బోర్డు వైపు చూసింది, కూతురి వైపు చూసింది. “నాకు చదువు రాకుంటే కండ్లు గూడా లేవనుకుంటివా? బెత్తం ఉన్నకాడ ఏమీ లేదు. ఐసు యాడ రాసినారే?”

ఆర్షియా బెత్తం టీచర్‌కు ఇచ్చేసి, సుద్దముక్క తీసుకుని, మునివేళ్ల మీద నిలబడి ఆ ఖాళీలో రాయడం మొదలుపెట్టింది.