మేత ముట్టని రోజు

"ఆ వల పక్కన పెట్టి కాస్త టీ పెట్టమ్మా. పనీపాటా లేనప్పుడు కుట్టుకోవచ్చు" అంది అత్తగారు.

కోడలు టీ పెట్టి ఇచ్చి, మళ్లీ వచ్చి వలలోని చిరుగు దగ్గరే కూర్చుంది. అరచెయ్యంత చిరుగు చాలు, ఏడాదంతా పెంచిన చేపలు సముద్రం పాలవడానికి. ఆరేళ్లుగా తీరానికి దగ్గర్లో సముద్రం మీద తేలే, చేపల్ని పెంచే తమ వల పంజరానికి వలలు కుట్టేదీ, పొద్దున్నే పడవ మీద వెళ్లి మేత వేసేదీ ఆమే. ఎవరైనా అడిగితే మాత్రం భర్త, "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ, అప్పుడప్పుడూ చేతిసాయం" అనేవాడు. మొదట్లో ఆ మాట గుచ్చుకునేది. తర్వాత్తర్వాత గుచ్చుకోవడం మానేసిందనుకుంది.

ఒకరోజు పొద్దున్నే మేత చల్లితే ఒక్క చేపా ముట్టలేదు. అన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని కొట్టుకుంటున్నాయి. నీళ్లు మట్టిరంగుకు తిరిగాయి. చేపల రైతుల సభలో మాట్లాడటానికి ఊరెళ్లిన భర్తకు ఫోన్ చేసింది.

"నీళ్లు పాడయ్యాయి. పంజరాన్ని బయటి లోతులోకి లాగేద్దాం."

"ఈత కూడా రాదు, సముద్రం సంగతి నాకు చెప్తావా? నేనొచ్చేదాకా దేన్నీ ముట్టుకోకు."

పొరపాటు జరిగితే బతికినన్నాళ్లూ దెప్పుతారని ఆమెకు తెలుసు. అవి చస్తుంటే చూస్తూ కూర్చుంటే, తనను తనే దెప్పుకోవాలి. వెళ్లి తోడికోడల్ని పిలిచింది.

"బావగారు ఒప్పుకున్నారా అక్కా?" అంది తోడికోడలు, పడవ ఇంజను తిప్పుతూ.

"లేదు. నెమ్మదిగా పోనియ్యి. తొందరపడితే వల ముడుచుకుపోయి చేపలు నలిగిపోతాయి."

మధ్యాహ్నం దాటేదాకా లాగి, బయటి లోతులో ఖాళీగా ఉన్న లంగరుకు కట్టారు. అరచేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రానికి చుట్టుపక్కల పంజరాల నిండా చేపలు వెల్లకిలా తేలాయి. వీళ్లవి బతికాయి.

మర్నాటికి భర్త ఊర్నుంచి తిరిగొచ్చాడు. వీళ్ల చేపలొక్కటే ఎలా బతికాయో కనుక్కోవడానికి మత్స్యశాఖ అధికారి ఇంటికొచ్చాడు.

"ముందే అనుమానమొచ్చి లాగించానండీ" అన్నాడు భర్త.

"మరి వల ముడుచుకుపోకుండా ఎలా లాగారు?"

భర్త గుమ్మం వైపు చూశాడు. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆమె లోపల్నుంచి జవాబు అందించడం, అతను దాన్ని తన మాటగా చెప్పడం మామూలే. ఈసారి ఆమె అందించలేదు. బయటికొచ్చి, కుర్చీ లాక్కుని అధికారి ఎదురుగా కూర్చుంది.

"ఆయన వద్దన్నారండీ. లాగింది నేనూ, మా తోడికోడలూ. ఎలా లాగామో అంతా చెప్తాను. ముందు, మీ శాఖ ఇచ్చే కొత్త పంజరం కావాలంటే దరఖాస్తులో నా పేరు ఎక్కడ రాయాలో చూపించండి."